వేసవి సెలవులను ఇంటిల్లిపాదియు గడపు విధము

వేసవి సెలవులనగా బడికి పోనక్కరలేని దినములని పిల్లలు తలంతురు. పిల్లలు దినమంతయు ఇంటనుండు దినములని తల్లులు తలంతురు. ఈ రెండును సత్యములే. ఏప్రిల్ మాసాంతము మొదలు జూన్ రెండవ వారము వరకు, సుమారు ఏడు వారములు, పాఠశాల మూసియుండును. ఈ కాలమున వేయవలసిన పూటభోజనములు పెరుగును, కడుగవలసిన పాత్రలు పెరుగును, నీటి ఖర్చు పెరుగును, ఎండయు పెరుగును. కావున సెలవు ఎవరికి కలిగినదని విచారించినచో, అనేక గృహములలో పిల్లలకు మాత్రమే కలిగినదనియు, తల్లికి ఉన్న విశ్రాంతియు పోయినదనియు తేలుచున్నది.

మా విద్యార్థులలో పలువురు మల్కాజిగిరి, అల్వాల్, మౌలాలి మొదలగు సికిందరాబాదు శివారు పేటలలో నివసించువారు. ఇచటి గృహములకు పల్లెలలోని మామిడితోపులు లేవు. నగర మధ్యమున నుండు వినోదశాలలును దగ్గర లేవు. చిన్న యిండ్లు, సిమెంటు మేడలు, రెండు మూడు దినముల కొకసారి వచ్చు నీరు, సాయంకాలము వరకు కాగుచుండు వీథులు మాత్రమే కలవు. ఇట్టి చోట స్వల్ప వ్యయముతో వేసవిని ఆరోగ్యముగను సంతోషముగను గడపుట యెట్లో ఈ వ్యాసమున వివరింప దలచితిమి. మేము చెప్పదలచినది ముఖ్యముగా ఒక్కటే: ఇంటిపనిని అందరును పంచుకొనవలెను, దినమును సూర్యుని గమనము ననుసరించి విభజించుకొనవలెను. ఈ రెండును జరిగిన యింట సెలవు అందరికిని లభించును.

ఇంటిపని పంపకము

సెలవుల మొదటి దినముననే తల్లిదండ్రులును పిల్లలును కూడి కూర్చుండి, ఒక దినమున ఇంట జరుగు పనులన్నియు ఒక కాగితముపై వ్రాయవలెను. నీరు పట్టుట, కూరగాయలు తరుగుట, కంచములు కడుగుట, బట్టలు ఆరవేయుట, మడతపెట్టుట, ఇల్లు ఊడ్చుట, మొక్కలకు నీరు పోయుట, ముసలివారికి మందులందించుట, ఇట్లు వ్రాయగా ఇరువది పనులకు తక్కువ యుండవు. ప్రతి పని కెదురుగా అది యిప్పుడు ఎవరు చేయుచున్నారో వ్రాసినచో, ఒక్క పేరే మరల మరల కనబడును. ఆ కాగితమే పిల్లలకు మొదటి పాఠము.

ఏడెనిమిదేండ్ల పిల్లవాడు కంచములు పెట్టగలడు, బట్టలు మడవగలడు. పండ్రెండేండ్లవాడు బియ్యము కడిగి అన్నము వండుట నేర్చుకొనగలడు. ఇందు బాలురు, బాలికలు అను భేదము చూపరాదు. తన కంచము తాను కడుగుకొనని కుమారుడు, చదువు నిమిత్తము పరస్థలమునకు పోయిన నాడు మిక్కిలి యిడుమల పాలగును. అన్నిటికంటె ముఖ్యమైన నియమ మొకటి కలదు. మధ్యాహ్నము రెండు గంటలు మొదలు నాలుగు గంటల వరకు తల్లిని ఎవరును ఏ పనికిని పిలువరాదు. ఆమె నిద్రించునో, చదువుకొనునో, ఊరక కూర్చుండునో ఆమె యిష్టము. దాహమైన పిల్లలు కుండ యొద్దకు తామే పోవలెను.

ఉదయ కాలము

వేసవిలో దినమునకు శిరస్సువంటిది ఉదయము. ఐదున్నర మొదలు ఎనిమిదిన్నర వరకు గల మూడు గంటలలో శరీరశ్రమ గల పనులును ఆటలును ముగింపవలెను. నడక, పరుగు, బంతియాట, సైకిలు, అంగడికి పోవుట, మొక్కలకు నీరు పోయుట ఈ వేళకే తగును. మౌలాలి గుట్ట వంటి రాతి గుట్టలను పెద్దల తోడ ఉదయముననే చూచి రావచ్చును. ఈ ప్రాంతపు నల్లరాతి, ఎర్రరాతి గుట్టలు సుమారు 250 కోట్ల సంవత్సరముల ప్రాచీనములు. అవి పగలంతయు ఎండను త్రాగి రాత్రి యందు మెల్లగా విడుచును. కావున సాయంకాలము గుట్టనెక్కినవారికి గాలి చల్లబడినను రాయి కాలుచునే యుండును. పిల్లలు ఉదయమొకమారు, సంధ్యవేళ నొకమారు అరచేతితో రాతిని తాకి చూచినచో ఈ సంగతి స్పష్టమగును.

ఇల్లు చల్లగా నుండుటకును ఉదయమే సమయము. రాత్రి యంతయు కిటికీలు తెరచియుంచి, ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య ఎండ వైపు కిటికీలను మూసి తెరలు వేయవలెను. పగలు కిటికీలు బార్లా తెరచినచో గాలితో పాటు వేడిమియు లోనికి వచ్చును. పైకప్పునకు తెల్లని సున్నము పూసినచో సూర్యకిరణములలో ఎక్కువ భాగము తిరిగి ఆకాశమునకు మరలిపోవును. మన పెద్దలెరిగిన ఈ యుపాయమును గుర్తించియే, తెలంగాణ ప్రభుత్వము 2023 సంవత్సరమున చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది. వేసవికి ముందు రెండు ఉదయములలో తండ్రియు పిల్లలును కలిసి చేయదగిన పని యిది.

మధ్యాహ్న కాలము

పదకొండు గంటలు మొదలు నాలుగు గంటల వరకు బయట తిరుగరాదు. మే మాసమున అనేక దినములలో ఇచటి వేడిమి 40 డిగ్రీలు దాటును. రోహిణీ కార్తె సంగతి చెప్పనేల? ఈ వేళను పిల్లలు సెల్‌ఫోను చూచుచు గడపుట నేడు ప్రతి యింటను కనబడుచున్నది. ఫోనును తిట్టినంత మాత్రమున ప్రయోజనము లేదు. దాని కంటె రుచియైన పని చేతికిచ్చినచో అది తానే ప్రక్కకు పోవును. భోజనవేళ పెద్దలు కూడ తమ ఫోనులను ఒక పెట్టెలో నుంచినచో పిల్లలకు చెప్పుటకు అధికారము కలుగును.

నీడపట్టున ఆడదగిన ఆటలు మనకు కొదువ లేదు. వామనగుంటల పీటపై ఏడేసి గుంటలు రెండు వరుసలు, వెరసి పదునాలుగు గుంటలుండును. పీట లేనివారు నేలపై సుద్దతో వృత్తములు గీసి చింతగింజలతో ఆడవచ్చును. చేతిలోని గింజలు ఏ గుంటలో ముగియునో ముందుగా లెక్కించుట ఈ యాటలోని విద్య. పులి–మేక ఆటలో మూడు పులులకును పదునైదు మేకలకును పోరు. ఒంటరి మేక పులివాత పడును, కూడి నిలిచిన మేకలు పులిని కట్టివేయును.

అష్టాచెమ్మా యాట గణితపాఠమునకు మిక్కిలి యనుకూలము. నాలుగు గవ్వలు వేసినపుడు ఎన్ని వెల్లకిల పడునో అన్ని పందెములు. నాలుగును వెల్లకిల పడినచో చెమ్మా యనగా నాలుగు. నాలుగును బోర్ల పడినచో అష్టా యనగా ఎనిమిది. గవ్వలకు మారుగా నాలుగు చింతగింజలను ఒక ప్రక్క తెల్లబడునట్లు అరగదీసి వాడవచ్చును. నాలుగు గింజలు పడుటకు మొత్తము 16 విధములు కలవు. రెండు తెలుపు, రెండు నలుపు పడు విధములు 6. నాలుగును తెలుపు పడు విధము 1 మాత్రమే. గింజల ఇరు ప్రక్కలును సమముగా పడునవైనచో, 160 మారులు వేసినపుడు రెండు సుమారు 60 మారులును, చెమ్మా సుమారు 10 మారులును పడవలెను. పిల్లలు వేసి, గీతలు గీసి లెక్కింపుడు. లెక్క తప్పినచో గింజలు సరిగా అరగలేదేమో విచారింపుడు. అష్టా కొరకు ఎదురుచూచుచు ఆటను పాడుచేసికొనువారికి ఈ లెక్క మంచి ఔషధము.

వంటింటి కుండ యింకొక పాఠము. కుండ గోడలలోని సూక్ష్మరంధ్రములగుండ నీరు మెల్లగా వెలికివచ్చి ఆవిరియగును. ఆవిరియగుటకు కావలసిన వేడిమిని ఆ నీరు కుండనుండి తీసికొనును. అందుచే లోపలి నీరు చల్లబడును. గాలి పొడిగా నున్న సికిందరాబాదులో ఇది చక్కగా జరుగును. సముద్రపు చెమ్మగాలి గల విశాఖపట్టణమున అంత చక్కగా జరుగదు. కుండను గాలి తగులుచోట, నీడలో, ఇసుకపై నుంచవలెను. ఏటేట రంధ్రములు పూడుకొనిపోవును గనుక పాతకుండ చల్లదనము తగ్గును. కిటికీకి తడిపిన వట్టివేళ్ల తడిక కట్టుటలో నున్న రహస్యమును ఇదియే.

వడియములు, ఊరమిరపకాయలు, మామిడితాండ్ర, ఆవకాయ పెట్టుకాలమును ఇదియే. ఎండలో తేమ పోయినచో బూజునకును క్రిములకును పెరుగుటకు వీలుండదు. ఆవకాయలో ఉప్పు ఆ పని చేయును. పైని నిలిచిన నూనె గాలిని రానీయదు. అందుచేతనే తడిచేయి జాడీలో పెట్టరాదని పెద్దలు కేకలు వేయుదురు. అమ్మమ్మలు, నాయనమ్మలు కొలతను గుప్పెళ్లతో చెప్పుదురు. ఆ గుప్పెటిలోనిది త్రాసులో వేసి ఎన్ని గ్రాములో వ్రాసికొనుట పిల్లల పని. అట్లు వ్రాయుచునే ఆమె చిన్ననాటి వేసవులెట్లు గడచినవో, నీరు ఎచటినుండి తెచ్చెడివారో అడిగి, ఒక నోటుపుస్తకమున ఆమె మాటలలోనే వ్రాసికొనవలెను. ఆ వృద్ధురాలి తరువాత ఆ గుప్పెడు కొలత ఏ అంగడిలోను దొరకదు.

నీడ మాయమగు దినము

మధ్యాహ్నమున బయటికి రాదగిన దినమొకటి కలదు. అదియు రెండు నిమిషములు మాత్రమే. మే 9వ తేదీన హైదరాబాదు, సికిందరాబాదు ప్రాంతములలో పగలు సుమారు 12 గంటల 12 నిమిషములకు సూర్యుడు సరిగా నడినెత్తిన నిలుచును. అప్పుడు నిలువుగా నుంచిన గ్లాసునకు గాని, అప్పడాల కఱ్ఱకు గాని ప్రక్కకు నీడ పడదు. మరల ఆగస్టు 3వ తేదీ ప్రాంతమున ఇట్లే జరుగును. కర్కట, మకర రేఖల మధ్యనున్న ప్రతి చోటను సంవత్సరమునకు రెండు మారులు ఈ విధముగా సంభవించును. దక్షిణముగా నున్న విజయవాడలో రెండు మూడు దినములు ముందుగా జరుగును. కర్కటరేఖ కుత్తరముననున్న ఢిల్లీలో ఎన్నడును జరుగదు. తలపై గుడ్డ వేసికొని, సూర్యుని వైపు చూడక, నేలవైపు మాత్రమే చూచి లోనికి రావలెను.

సాయంకాలము

సాయంకాలము ఇరుగుపొరుగుల కొరకైనది. శివారు పేటలలో ఒకే మెట్లు ఎక్కి దిగువారు సంవత్సరములు గడచినను ఒకరి పేరొకరు ఎరుగరు. కొన్ని యిండ్లలో పిల్లలు అమెరికాకో, ఆస్ట్రేలియాకో పోగా ముసలి దంపతులు ఒంటరిగా నుందురు. ఎండలు తీవ్రమైనపుడు మొదట బాధపడువారు వీరే. ఉదయమొకమారు, సాయంకాలమొకమారు ఒక పిల్లవాడు తలుపు తట్టి, “తాతగారూ, మంచినీళ్లున్నవా? ఏమైనను తెచ్చిపెట్టవలెనా?” అని అడుగు నేర్పాటు చేసికొనుడు. రెండు నిమిషముల ఈ పని ఒక ప్రాణమును నిలుపవచ్చును.

పక్షులకు వెడల్పైన మూకుటిలో నీరుంచుట మంచిది. గాని ఆ నీటిని ప్రతి దినము పారబోసి, మూకుడు తోమి, క్రొత్తనీరు పోయవలెను. నిలువనీటిలో దోమ గ్రుడ్డు వారము, పది దినములలో రెక్కల దోమయగును. నీటి పీపాలకు మూతలుంచి, వారమునకొకసారి ఖాళీచేసి తోమవలెను. కారు కుళాయి యున్నచో దాని క్రింద గిన్నె యుంచి పది నిమిషములలో ఎంత నీరు చేరునో కొలిచి, 144 చేత హెచ్చవేయుడు. పది నిమిషములకు 100 మిల్లీలీటర్లయినచో దినమునకు 14.4 లీటర్లు! ఈ లెక్క చూచిన తండ్రి ఆ దినముననే కుళాయి బాగుచేయించును.

రాత్రి

రాత్రి భోజనానంతరము మేడపైకి పోయి ఆకాశమును చూచుట ఖర్చులేని వినోదము. మే మాసమున ఎనిమిది, తొమ్మిది గంటల వేళ ఉత్తరమున సప్తర్షి మండలము ఎత్తుగా కనబడును. దాని తోకయందలి నడిమి చుక్క వసిష్ఠుడు. ప్రక్కననే మినుకుమను సన్నని చుక్క అరుంధతి. ఆ తోక వంపును అట్లే పొడిగించినచో నారింజ వన్నె గల స్వాతియు, ఇంకను పొడిగించినచో నీలిఛాయ గల చిత్తయు కనబడును. స్వాతి వెలుగు మన కంటికి చేరుటకు సుమారు 37 సంవత్సరములు పట్టును. నేడు మనము చూచు వెలుగు, మీ తల్లిదండ్రులలో కొందరు శిశువులుగా నున్ననాడు బయలుదేరినదన్నమాట.

ఒకనాటి యాత్ర

సెలవులలో ఒక దినమైనను కుటుంబమంతయు కలిసి నగరమునకు పోయి రావలెను. మధ్యాహ్నపు టెండను గోడల మధ్య గడుపుటకు సాలార్జంగు వస్తుప్రదర్శనశాల యోగ్యమైనది. ఇది 1951లో ప్రజలకు తెరువబడి, 1968లో ఇప్పటి భవనమునకు మారినది. శుక్రవారము సెలవు. ఇటలీ శిల్పి బెంజోని 1876లో చెక్కిన రెబెక్కా విగ్రహమునందు పాలరాతి ముసుగులోనుండి ముఖము కనబడును. గంట గంటకు చిన్న బొమ్మ వెలికివచ్చి గంట కొట్టు గడియారమును పిల్లలు చూడక మానరు. మూసీనది కావలి యొడ్డున అఫ్జల్‌గంజిలో 1891లో ఆసఫియా గ్రంథాలయముగా స్థాపింపబడిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము కలదు. అన్నియు ఒక్కనాడే చూడబూనక, ఒక్కొక్కరు ఒక్క వస్తువును ఎన్నుకొని, దాని యెదుట పది నిమిషములు నిలిచి, ఇంటికి వచ్చి దాని బొమ్మ గీయుట మేలు.

మరువరాని జాగ్రత్తలు

ఇక చెప్పబోవునవి తల్లిదండ్రులు రెండుమారులు చదువవలెను. వేసవి యందు పిల్లల ప్రాణములను తీయునది ఎండకంటె తరచుగా నీరే. శివారులలో రాయి కొట్టిన క్వారీ గోతులు కలవు. వాని అంచులు నిట్టనిలువు, లోతు తెలియదు, దిగినవానికి ఎక్కుటకు మెట్టుండదు. పెద్దలు లేక క్వారీకి గాని, చెరువునకు గాని, బావికి గాని పోరాదు. ఈత నేర్వదలచినవారు శిక్షకుడున్న కొలనులో నేర్వవలెను. ఒకడు మునుగుచున్నపుడు ఈతరాని స్నేహితుడు దుమికినచో ఇద్దరును పోవుదురు. దుమకక, కేకలు వేసి పెద్దలను పిలువవలెను. తాడో, ముడివేసిన చీరలో, పొడుగు కొమ్మయో అందింపవలెను. మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బాను విసరవలెను, అది తేలుచు అతనిని నిలుపును. ఒడ్డునకు చేర్చినవానిని తలక్రిందులు చేయుట, కడుపు నొక్కుట కూడదు. వెంటనే 108కి ఫోను చేసి, వారు చెప్పినట్లు చేయవలెను.

ఎండదెబ్బ తగిలినవాడు తడబడి మాటలాడును, మత్తుగా నుండును, శరీరము నిప్పువలె కాలును. అతనిని నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, దేహమంతయు నీటితో తడిపి విసరుచు 108ని పిలువవలెను. తెలివిలేనివాని నోట నీరు పోయరాదు. విరేచనములచే నీరసించినవారికి ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో, అంచుకు సమముగా కొలిచిన 6 చిన్న చెంచాల చక్కెరయు, అర చెంచా ఉప్పును కలిపి కొద్దికొద్దిగా త్రాగింపవలెను. ఉప్పు హెచ్చరాదు. ఆరోగ్యవంతులకు మజ్జిగ, అంబలి, తాటిముంజలు, పుచ్చకాయ చాలును. వేడిమి 40 డిగ్రీలు మించినపుడు విద్యుత్పంకా వేడిగాలినే విసరును గనుక, తడిగుడ్డతో ఒడలు తుడుచుకొని దాని యెదుట కూర్చుండవలెను.

సెలవుల అభ్యాసములు

విద్యార్థులారా! బడి తెరచిన నాడు ఈ క్రింది వానిలో మూడింటినైనను నోటుపుస్తకమున వ్రాసి తెండు.

1. మీ యింట ఒక దినమున జరుగు పనుల పట్టిక. సెలవులకు ముందు ఎవరు చేసిరి, సెలవులలో ఎవరు చేసిరి?

2. నాలుగు చింతగింజలను 160 మారులు వేసిన ఫలితములు.

3. మే 9వ తేదీన పదకొండు గంటలకు, 12 గంటల 12 నిమిషములకు, ఒంటిగంటకు ఒకే గ్లాసు నీడ పొడవు.

4. మీ అమ్మమ్మ గాని, నాయనమ్మ గాని చెప్పిన ఒక వంటయు, దాని తూకములును, ఆమె చిన్ననాటి ఒక సంగతియు.

5. మీ యింటి కారు కుళాయి లెక్క. దానిని బాగుచేయించిన తేదీ.

6. మీరు ప్రతి దినము తలుపు తట్టిన పొరుగువారి నుండి నేర్చుకొనిన ఒక విషయము.

తల్లిదండ్రులు ఆ పుస్తకముపై సంతకము చేయుదురు గాక. మొదటి అభ్యాసము క్రింద మాత్రము తల్లి సంతకమే యుండవలెను. ఈ సెలవులలో తనకు దినమునకు రెండు గంటల విశ్రాంతి దొరకినదో లేదో ఆమె ఆ సంతకము ప్రక్కనే ఒక వాక్యములో వ్రాయవలెనని కోరుచున్నాము.